వెల వేరు, విలువ వేరు: మనిషి ప్రాణానికి స్వతహాగా విలువ ఉందా?

#1 చిరుదివ్వె

మనిషి ప్రాణం వెలకట్టలేనిదని అందరం అంటాం. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణం కూడా మనుషులందరూ గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానంగా పుడతారనే చెబుతుంది. మరోపక్క ఒక ప్రమాదకరమైన మలుపు సరిచేయాలా వద్దా, ఒక ఖరీదైన మందు కొనాలా వద్దా అని తేల్చేటప్పుడు ప్రభుత్వాలు ఒక్కో ప్రాణానికి ఇంత అని అంకె వేసుకుంటాయి. ఈ రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి?

అంతకన్నా నన్ను వేధించే ప్రశ్న ఇంకోటి ఉంది. స్వతహాగా విలువ ఉందన్నందువల్ల ఏ నిర్ణయమైనా నిజంగా మారుతుందా? మారకపోతే అది వినడానికి బాగున్న మాట మాత్రమే. తెలిసినవాళ్లు వివరంగా రాయండి. మతగ్రంథాల ఆధారంతో చేసే వాదనలకు వేరే చర్చ పెట్టుకుందాం.

#2 పదచ్ఛేదం

ముందు పదాల చిక్కు విప్పాలి. "స్వతహాగా విలువ" అన్నప్పుడు రెండు ప్రశ్నలు కలిసిపోతాయి. ఆ విలువ ఎక్కణ్నుంచి వస్తోంది, అంటే వస్తువులోనే ఉందా లేక బయటి సంబంధం వల్ల వచ్చిందా అన్నది ఒకటి. దాన్ని మనం దానికోసమే కోరుకుంటున్నామా, దానివల్ల దొరికే ఇంకోదానికోసమా అన్నది రెండోది. 1983లో తత్వవేత్త క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ ఈ రెంటినీ విడదీసి చూపించారు. పోయినవాళ్ల చేతిరాత ఉన్న కాగితం ముక్క తీసుకోండి. దాని విలువ కాగితంలో లేదు, ఆ మనిషితో ఉన్న సంబంధంలో ఉంది. అయినా దేనికో పనికొస్తుందని దాచుకోం, దానికోసమే దాచుకుంటాం. కాబట్టి "విలువ సంబంధం వల్ల వచ్చింది" అని ఎవరైనా నిరూపించినంత మాత్రాన "అయితే అది పనిముట్టు విలువే" అని తేలిపోదు. ఇలాంటి చర్చలు సగం ఇక్కడే దారి తప్పుతాయి.

1903లో ఇంగ్లండు తత్వవేత్త జి.ఇ. మూర్ ఒక పరీక్ష చెప్పాడు: లోకంలో అదొక్కటే మిగిలిందనుకో, అప్పుడూ అది ఉండటం మంచిదే అనిపిస్తుందా? మనిషి విషయంలో ఈ పరీక్ష సరిగా పనిచేయదు. ఊహించేవాడు తనను ఆ ఊహలోంచి తుడిచేయలేడు. ఒంటరి మనిషిని ఊహించిన క్షణంలోనే ఆయన్ని చూసి జాలిపడే ఇంకో మనిషి, అంటే మనమే, అక్కడ నిలబడి ఉంటాం.

ఇక దేనికి విలువ అని అడుగుతున్నాం? ప్రాణానికా, జీవితానికా, మనిషికా? మన భాష ఈ మూడింటినీ ముందే వేరుచేసి ఇచ్చింది. ఊపిరి, రక్తప్రసరణ ఉన్నంతసేపూ ప్రాణం ఉంటుంది. అనుభవాలు, పనులు, బంధాలు కలిసి అల్లుకున్నది జీవితం. ఆ జీవితం ఎవరిదో ఆ వ్యక్తి మనిషి. తిరిగి స్పృహ రాదని తేలిన రోగి దగ్గర ఈ మూడూ విడిపోతాయి, అప్పుడు మన జవాబులూ విడిపోతాయి. వెల, విలువ అన్న జంట కూడా అలాంటిదే. 1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ గీసిన గీత సరిగ్గా ఇది: వెల ఉన్నదాని స్థానంలో దానికి సమానమైన ఇంకోటి పెట్టొచ్చు, అలా పెట్టడానికి వీల్లేనిదానికి వెల ఉండదు, గౌరవం ఉంటుంది.

#3 గుణింతం

చిరుదివ్వె గారూ, మీ మొదటి ప్రశ్నకు లెక్కల వైపు నుంచి చెబుతాను. ప్రభుత్వాలు వాడే ఆ అంకె పేరు "గణాంక ప్రాణం విలువ". ఆ పేరే సగం అపార్థానికి కారణం. అందులో ఏ మనిషికీ వెల కట్టరు. అది చిన్నచిన్న ముప్పులను తగ్గించుకోవడానికి జనం పెట్టే ఖర్చుల మొత్తం.

ఒక ఊళ్లో లక్ష మంది ఉన్నారనుకుందాం. ఏడాదిలో ఒక రకం ప్రమాదంలో చనిపోయే అవకాశం ఒక్కొక్కరికి లక్షలో 3. ఒక ఏర్పాటు చేస్తే అది లక్షలో 2 అవుతుంది. దానికోసం ఒక్కొక్కరు సగటున 1,000 ఇవ్వడానికి సిద్ధం. లక్ష మంది, తలా 1,000, మొత్తం 10 కోట్లు. ఆ ఏర్పాటు వల్ల సగటున ఏడాదికి ఒక మరణం తప్పుతుంది కనుక గణాంక ప్రాణం విలువ 10 కోట్లు అని రాస్తారు. బతికేది ఎవరో ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు కూడా. 1968లో ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ ఈ పద్ధతికి దారి వేశాడు.

ఇందులో తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే, మొదటిది, జనం చిన్న సంభావ్యతలను సరిగా పట్టుకోలేరు. ముప్పు తగ్గింపు లక్షలో 1 నుంచి లక్షలో 2కు రెట్టింపైనా చాలామంది చెప్పే మొత్తం దాదాపు మారదు. అందుకే సర్వేలో వేర్వేరు గుంపులకు వేర్వేరు పరిమాణాలు ఇచ్చి జవాబులు ఆ నిష్పత్తిలో కదులుతున్నాయో లేదో చూడాలి. కదలకపోతే ఆ సర్వే అంకె వాడకూడదు. రెండోది, ప్రమాదకరమైన పనులకు ఇచ్చే అదనపు కూలి నుంచి లెక్క కట్టినప్పుడు, ఆ పనులు ఒప్పుకున్నవాళ్ల పేదరికం కూడా అంకెలోకి చేరిపోతుంది. మూడోది, అన్నిటికన్నా పెద్దది: లక్షలో ఒక వంతుకు 1,000 అన్నాడు కాబట్టి మనిషి ప్రాణాన్ని పది కోట్లకు ఇస్తాడని ఎవరైనా అంటే అది తప్పు. నూటికి నూరు చావు ఖాయమైనప్పుడు ఏ మొత్తమూ చాలదు. ఆ గీత అంతదూరం నేరుగా సాగదు.

#4 సూటిప్రశ్న

గుణింతం గారూ, ఇదంతా పుస్తకంలో బాగానే ఉంటుంది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ అమ్మిన పింటో కారు సంగతేమిటి? ఒక్కో కారుకు 11 డాలర్లు ఖర్చుపెడితే మంటల్లో చావులు తప్పేవి. 180 మంది ప్రాణాలను తలా 2 లక్షల డాలర్లకు లెక్కేసి, ఖర్చు 13.7 కోట్లు, లాభం 4.95 కోట్లే అని తేల్చారు. వెల కట్టడం మొదలుపెడితే చివరికి చేరేది అక్కడికే కదా.

#5 గుణింతం

మీరు చెప్పిన అంకెలు ఫోర్డ్ కంపెనీ 1973 పత్రంలోవి. దాన్ని చాలామంది మీలాగే అర్థం చేసుకుంటారు. నిజానికి అది పింటో ఒక్కదాని గురించి రాసింది కాదు, వెనకనుంచి గుద్దితే వచ్చే మంటల గురించీ కాదు. వాహనాలు బోల్తాపడినప్పుడు ఇంధనం కారకూడదన్న నియమం మీద అమెరికా రవాణా భద్రతా సంస్థకు పంపిన లెక్క. 180 అన్నది దేశంలోని వాహనాలన్నిటికీ వేసిన అంచనా. 2 లక్షల అంకె కంపెనీది కాదు, ప్రభుత్వ సంస్థే 1972లో వేసింది.

అంతమాత్రాన నేను దాన్ని వెనకేసుకురావడం లేదు. ఆ అంకెను విప్పి చూస్తే అసలు దోషం కనబడుతుంది. మొత్తం 2,00,725 డాలర్లు. అందులో 1,73,300 ఆ మనిషి ఇకపై చేసి ఉండే ఉత్పత్తి నష్టం. చనిపోయినవాడు పడ్డ బాధకు 10,000. అంత్యక్రియలకు 900. అంటే ఇందులో కొలిచింది మనిషిని కాదు, ఆయన సంపాదనను. ఇది పాత పద్ధతి. దీని ప్రకారం పనిచేయలేని ముసలివాళ్లకు దాదాపు సున్నా వస్తుంది. నేను #3లో చెప్పిన పద్ధతి దీన్ని తప్పించుకోవడానికే వచ్చింది, ఎందుకంటే సంపాదన లేనివాళ్లకూ బతకాలని ఉంటుంది.

కొత్త పద్ధతి కూడా గీత దాటిన సందర్భం ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ గాలి కాలుష్యం మీద చేసిన ఒక విశ్లేషణలో 70 దాటినవాళ్ల ప్రాణానికి 37 శాతం తక్కువ విలువ వేసింది. 2003లో జనం భగ్గుమన్నారు, సంస్థ వెనక్కి తగ్గింది. ఆ తగ్గింపుకు సర్వే ఆధారం ఉంది, లెక్కలో తప్పు లేదు. అయినా పౌరులు ఒప్పుకోలేదు. చిరుదివ్వె గారు అడిగిన "నిర్ణయం మారుతుందా" అన్నదానికి ఇది ఒక జవాబు.

#6 వైద్యనీతి

అంకెల నుంచి నేల మీదికి దిగుదాం. ఒకేసారి చాలామంది గాయపడ్డ చోట రక్షణ సిబ్బంది వాడే "స్టార్ట్" పద్ధతిని దగ్గరగా చూడండి. ఇది 1983లో కాలిఫోర్నియాలో తయారైంది. నడవగలిగినవాళ్లందరినీ ఒక పక్కకు రమ్మని గట్టిగా పిలుస్తారు, వాళ్లకు ఆకుపచ్చ చీటీ. మిగిలినవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్తారు. ఊపిరి ఉందా? లేకపోతే తల వెనక్కి వంచి గాలిదారి తెరుస్తారు. అప్పుడు ఊపిరి వస్తే ఎరుపు, అంటే వెంటనే చికిత్స కావాలని. రాకపోతే నలుపు. ఊపిరి ఉంటే నిమిషానికి 30 దాటితే ఎరుపు. దాటకపోతే గోరు నొక్కి వదిలి చూస్తారు, రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటితే ఎరుపు. అదీ బాగుంటే "నా చెయ్యి పట్టుకో" అంటారు. పట్టుకోలేకపోతే ఎరుపు, పట్టుకుంటే పసుపు, అంటే కాస్త ఆగొచ్చని. ఒక్కొక్కరి దగ్గర నిమిషం లోపే.

ఇందులో ఏమి అడగలేదో చూడండి. పేరు లేదు, ఉద్యోగం లేదు, ప్రమాదానికి కారణం ఎవరో లేదు. తాగి బండి నడిపినవాడికీ వాడు గుద్దిన పిల్లకీ ఒకే నాలుగు పరీక్షలు. స్వతహాగా విలువ అన్నది ఆచరణలో ఎలా కనబడుతుందని ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తాను. అడగకూడని ప్రశ్నల జాబితా అది.

తప్పు జరిగేది సాధారణంగా రెండు చోట్ల. ఊపిరి లేని ఒక్కరి దగ్గర ఆగి గుండె నొక్కడం మొదలుపెడితే, పక్కన రక్తం కారుతున్న ముగ్గురు పోతారు. రెండోది, నల్లచీటీని తీర్పులా చూడటం. నలుపు అంటే "ఇప్పుడు ఉన్న చేతులతో కుదరదు" అని మాత్రమే. చేతులు పెరిగాక మళ్లీ వచ్చి చూడాలి. ఈ రెండో విడత మర్చిపోవడమే అసలు నేరం.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. 1960లో చేతికి పెట్టే గొట్టం వచ్చాక దీర్ఘకాల డయాలసిస్ సాధ్యమైంది, కానీ యంత్రాలు కొన్నే. అమెరికాలోని సియాటిల్‌లో ఏడుగురితో ఒక కమిటీ వేశారు. వాళ్లు పెళ్లయిందా, ఆదాయమెంత, ఎంతమంది ఆధారపడ్డారు, చర్చికి వెళ్తారా అని చూసి ఎవరు బతకాలో ఎంచారు. 1962లో ఈ సంగతి పత్రికలో వచ్చాక దేశమంతా కలవరపడింది. కమిటీలో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు. సమాజానికి పనికొచ్చే కొలతతో చూస్తే, నలుగురిలా కాకుండా బతికినవాళ్లూ ఒంటరివాళ్లూ ఓడిపోతారు, అంతే. 1972లో చట్టం చేసి దాదాపు అందరికీ ప్రభుత్వ ఖర్చుతో డయాలసిస్ ఇచ్చారు.

#7 సందేహజీవి

వైద్యనీతి గారు చెప్పినవన్నీ మంచి నియమాలే. ఒప్పుకుంటాను. కానీ నియమం మంచిదైనంత మాత్రాన విలువ ప్రాణంలోనే ఉందని రుజువు కాదు. 1977లో తత్వవేత్త జె.ఎల్. మాకీ వేసిన అభ్యంతరానికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు: చూసేవాళ్లెవరూ లేకపోయినా లోకంలో "విలువ" అనే గుణం ఉంటే, అది బరువులా వేడిలా కాకుండా, మనల్ని ఏదో చెయ్యమని దానంతటదే ఆజ్ఞాపించే వింత గుణమై ఉండాలి. అలాంటిదాన్ని ఏ ఇంద్రియంతో పట్టుకుంటాం? విలువనిచ్చేవాడు లేకుండా విలువ లేదు. మనిషి ప్రాణానికి మనుషులు విలువ ఇచ్చారు, నియమాలు రాసుకున్నారు. అంతే చాలు, ఇంకా లోపల ఏదో ఉందనక్కర్లేదు. ఇది నిరాశ మాట కాదు. మన చేతుల్లో ఉన్నదాన్ని మనమే కాపాడుకోవాలన్న బాధ్యత ఇందులోనే ఎక్కువ.

#8 పదచ్ఛేదం

సందేహజీవి గారి వాదనకు గట్టి పరీక్ష ఒక్కటే. ఎవరూ విలువ ఇవ్వని మనిషి సంగతేమిటి? అయినవాళ్లు లేరు, సమాజం వెలివేసింది, ఆఖరికి ఆయనకే తన బతుకు మీద ఆశ లేదు. ఇచ్చేవాళ్లు లేరు కనుక విలువ సున్నా అనాలి. అనలేకపోతే, "ఇవ్వాల్సింది" అని మనం అంటున్నామన్నమాట. ఆ "ఇవ్వాల్సింది"కి ఆధారం ఎక్కడుంది?

కాంట్ దారి ఇది. నువ్వు ఏదో కావాలని ఎంచుకున్నావు, అది సాధించదగ్గదే అనుకుంటున్నావు. ఆ వస్తువుకు ఆ హోదా నీ ఎంపిక వల్ల వచ్చింది. అంటే ఎంచుకునే నీ శక్తికి లెక్క ఉందని నువ్వు ముందే ఒప్పుకున్నావు. అదే శక్తి ఎదుటివాడిలోనూ ఉంది, కాబట్టి అక్కడ కాదనడానికి నీకు కారణం లేదు. ఇందులో వింత గుణమేదీ అక్కర్లేదు, మాకీ అభ్యంతరం దీన్ని నేరుగా తాకదు.

దీనికీ ఒక చిల్లు ఉంది, దాచను. ఎంచుకునే శక్తి ఇంకా రాని పసిపిల్లలు, పోయిన వృద్ధులు ఏమవుతారు? 1979 నుంచి తత్వవేత్త పీటర్ సింగర్ సరిగ్గా ఇక్కడే గుద్దుతున్నాడు. ముందుముందు వస్తుందంటే పసివాళ్లకు సరిపోతుంది, మతిమరుపు ముదిరినవాళ్లకు సరిపోదు. మనిషి జాతి కాబట్టి అంటే, జాతి ఒక్కటే ఎందుకు కారణమని అడుగుతాడు. సంబంధాల వల్ల అంటే, ఎవరూ లేని అనాథ మళ్లీ బయట పడతాడు. నేను మాత్రం ఈ మూడో దారినే కొంచెం మార్చి నమ్ముతాను: ఇప్పుడు ఎవరితో సంబంధం ఉందన్నది కాదు, మనుషుల మధ్యనే పుట్టి మనుషుల మధ్యనే పోయే స్థానం ఆ వ్యక్తికి ఉంది. ఇది పూర్తి రుజువు కాదని నాకు తెలుసు.

#9 ధర్మాసనం

చట్టం ఈ మాటను ఎంత దూరం మోసిందో చూపించే తీర్పు ఒకటుంది. హైజాక్ చేసి ఆయుధంలా వాడబోతున్న విమానాన్ని కూల్చేయవచ్చని జర్మనీ 2005లో చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 15న రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. లోపల ఉన్న ప్రయాణికులు ఎలాగూ కొద్ది నిమిషాల్లో పోయేవాళ్లే కదా అన్న వాదనను ఒప్పుకోలేదు. మిగిలిన బతుకు ఎంతసేపన్నదాన్ని బట్టి రక్షణ తగ్గదని చెప్పింది. నేల మీద వేలమంది బతుకుతారు కాబట్టి వీళ్లను చంపొచ్చంటే, వీళ్లను పనిముట్లుగా వాడినట్టేనంది. విమానంలో దాడి చేసేవాళ్లు మాత్రమే ఉంటే ఆ అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ ముప్పు వాళ్లు తెచ్చిపెట్టిందే. ఈ తేడా చాలామంది వదిలేస్తారు.

ఇక పరిహారం. 2001 సెప్టెంబరు 11 దాడుల బాధితుల నిధిలో రెండు భాగాలు ఉండేవి. బాధకు ప్రతి మరణానికీ ఒకే మొత్తం, 2,50,000 డాలర్లు. భార్యకో భర్తకో, ఆధారపడ్డ ఒక్కొక్కరికీ 1,00,000 చొప్పున అదనం. రెండో భాగం పోయిన సంపాదన, అది మనిషిని బట్టి మారింది. చట్టమే అలా చెప్పింది. దాంతో వంటపనివాడి కుటుంబానికీ షేర్ల దళారీ కుటుంబానికీ చాలా తేడా వచ్చింది. ఆ నిధిని నడిపిన కెన్నెత్ ఫైన్‌బర్గ్ తర్వాత, ఇలాంటి నిధి మళ్లీ పెడితే అందరికీ సమానంగా ఇవ్వాలన్న అభిప్రాయానికి వచ్చాడు. నా మటుకు సంపాదన భాగం తప్పు కాదు, అది బతికున్నవాళ్ల ఇల్లు నడవడానికి. రెంటినీ ఒకే చెక్కులో కలిపి పంపడం వల్లే అది ప్రాణానికి వెల కట్టినట్టు కనబడింది.

#10 చిరుదివ్వె

చాలా వరకు తేలికపడింది. ఒక్కటి మిగిలింది. మందుల విషయంలో "ఆరోగ్యంగా గడిపే సంవత్సరాలు" అని లెక్కిస్తారు కదా, అందులో వికలాంగుల బతుకు తక్కువ తూగుతుందంటారు. అది నిజమా, లేక పింటోలాగా అపార్థమా?

#11 వైద్యనీతి

నిజమే. ఎక్కడ జరుగుతుందో చెబుతాను. ఆరోగ్యాన్ని కొలవడానికి నడక, తన పని తాను చేసుకోవడం, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన అని ఐదు అంశాలు, ఒక్కోదానికి ఐదు స్థాయిలు. మొత్తం 3,125 స్థితులు. ప్రశ్న ఇలా అడుగుతారు: "ఈ స్థితిలో 10 ఏళ్లు బతకడం ఒకటి, పూర్తి ఆరోగ్యంతో కొన్నేళ్లే బతకడం ఇంకోటి. ఎన్నేళ్ల దగ్గర మీకు రెండూ సమానం?" 7 అంటే ఆ స్థితి బరువు 0.7. పూర్తి ఆరోగ్యం 1, చావు 0.

నొప్పి తగ్గించే రెండు మందులను పోల్చడానికి ఇది మంచి పనిముట్టు. ప్రాణం కాపాడే చోటికి వచ్చేసరికి తిరగబడుతుంది. ఒకే జబ్బు, ఒకే మందు, ఇద్దరికీ పదేళ్లు ఆయుష్షు పెరుగుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న వ్యక్తి బరువు 0.7 అయితే ఆయన ఖాతాలో 7, రెండో ఆయన ఖాతాలో 10. పైగా ఆ 0.7 చెప్పేది ఎక్కువగా కుర్చీలో ఎన్నడూ కూర్చోనివాళ్లు. అందులో ఉన్నవాళ్లను అడిగితే బరువు పెరుగుతుంది.

1992లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ఇలాంటి కొలతలతో చికిత్సలకు వరుస వేస్తే, వికలాంగుల చట్టానికి విరుద్ధమని అక్కడి కేంద్ర ప్రభుత్వం తిప్పిపంపింది. స్వీడన్ 1997లో మూడు సూత్రాలను వరుసలో పెట్టింది: మొదట మానవ గౌరవం, తర్వాత అవసరం, ఆఖరికి ఖర్చుకు తగ్గ ఫలితం. ఆచరణలో సరిచేసే మార్గం ఒకటుంది: ఆయుష్షు పెరిగిన ఏళ్లను అందరికీ సమానంగా తూచి, బాధ తగ్గడాన్ని మాత్రమే బరువులతో కొలవడం.

ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో చేసిన కొలతలోనూ అసమానం దూరుతుంది. కాలేయ మార్పిడికి అమెరికాలో 2002 నుంచి "మెల్డ్" స్కోరు వాడుతున్నారు. 6 నుంచి 40 వరకు, ఎక్కువ ఉంటే చావు దగ్గర. అందులో ఒక భాగం క్రియాటినిన్, అంటే కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం. ఆడవాళ్లకు కండ తక్కువ కాబట్టి కిడ్నీ అంతే దెబ్బతిన్నా వాళ్ల క్రియాటినిన్ తక్కువ చూపిస్తుంది. స్కోరు తగ్గుతుంది, వరుసలో వెనకబడతారు. ఎవరూ ఆడవాళ్ల ప్రాణం తక్కువని అనుకోలేదు, రక్తపరీక్ష అలా చేసింది. 2023లో సూత్రం మార్చి ఆడవాళ్లకు 1.33 పాయింట్లు కలిపారు.

#12 సందేహజీవి

ఆ 1.33 సంగతి నా వాదనకే బలమని నిన్నటిదాకా అనేవాణ్ని: విలువ మనం కొలతలో పెట్టేదే కదా అని. కానీ సవరించింది ఎందుకు? అప్పటికే ఉన్న ఒక సమానత్వానికి కొలత సరిపోలేదని. కొలవకముందే ఏదో ఉందని ఒప్పుకోకుండా "సవరణ" అన్న మాట వాడలేం. దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆలోచించి రాస్తాను.

ఈలోగా పదచ్ఛేదం గారికి: మీ ప్రాణం, జీవితం, మనిషి విభజన మతిమరుపు రోగుల దగ్గర ఎలా పనిచేస్తుంది? ఆరోగ్యంగా ఉన్నప్పుడు "నాకు ఆ స్థితి వస్తే మందులు ఇవ్వొద్దు" అని రాసిన మనిషి, ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టకపోయినా కిటికీ దగ్గర హాయిగా కూర్చుంటుంది. నిమోనియా వచ్చింది. ఏం చేయాలి?

#13 పదచ్ఛేదం

1993లో న్యాయతత్వవేత్త రోనల్డ్ డ్వార్కిన్ పాత పత్రాన్నే పాటించాలన్నాడు. జీవితం మొత్తాన్ని ఎలా మలచుకోవాలో చెప్పే హక్కు ఆనాటి మనిషిదని ఆయన వాదన. న్యాయశాస్త్ర ఆచార్యురాలు రెబెకా డ్రెస్సర్ దానికి ఎదురు చెప్పింది: ఇప్పుడు మన ముందున్న మనిషి బాధపడటం లేదు, ఆవిడ మేలు చూడాలి. జీవితం అన్న పదం పట్టుకుంటే డ్వార్కిన్ వైపు మొగ్గుతాం, మనిషి అన్న పదం పట్టుకుంటే డ్రెస్సర్ వైపు. నేను డ్రెస్సర్ వైపు. కిటికీ దగ్గర ఉన్నది ఒక పాత జీవితపు మిగులు కాదు, ఎండ తగిలితే ముఖం తిప్పుకునే ఒక మనిషి.

అయితే ఈ ఇరకాటం చాలావరకు పత్రం రాసే తీరు వల్ల వస్తుంది. "ఆ స్థితి వస్తే" అని ఒక్క ముక్కలో రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. స్థితులను విడదీసి రాయాలి: గుర్తుపట్టలేను కానీ నెమ్మదిగా ఉన్నాను, గుర్తుపట్టలేక భయంతో నొప్పితో ఉన్నాను, మింగలేను, స్పృహ లేదు. చికిత్సలనూ విడదీయాలి: నోటితో వేసే మాత్రలు, రక్తనాళం ద్వారా మందు, ముక్కుగొట్టంతో ఆహారం, వెంటిలేటర్, ఆగిన గుండెను నొక్కడం. ఒక్కో స్థితికి ఎదురుగా ఒక్కో చికిత్సకు అవును, కాదు, కొద్దిరోజులు చూడండి అని మూడు గళ్లు ఉండాలి. నా తరఫున మాట్లాడేది ఫలానావారని ఒక్కరి పేరు, వాళ్లు లేకపోతే రెండో పేరు. కింద ఒక వాక్యం తప్పనిసరి: అప్పుడు నేను సంతోషంగా కనబడితే ఈ పత్రం గెలవాలా, నా ముఖం గెలవాలా. ఏ వైపు రాసినా సరే, ఆ గడి ఖాళీగా మాత్రం వదలొద్దు.